గడ్డకట్టిన కబురు

మా అన్నను వీధిలో అందరూ షోరూం అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఇప్పుడు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళలో నేను లేను. ఆ షోరూం ఉన్న చోట ఒకప్పుడు మా నాన్న ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే కొట్టు ఉండేది. నాన్న పోయాక లోపలి భాగం అన్న తీసుకుని కొత్త సామాన్లు అమ్మడం మొదలుపెట్టాడు. వీధి వైపున్న ముందు గది నాది. అందులో బల్ల వేసుకుని పాత ఫ్రిజ్‌లు బాగుచేసుకునేవాణ్ణి. పదకొండేళ్ళ కిందట ఒకరోజు అన్న కాగితాలు పట్టుకొచ్చి, "బ్యాంకు లోను గురించిరా, ఇక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి పెట్టు" అన్నాడు. నేను ఏడో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. ఎనిమిది పేజీలు చదవాలంటే నాకు ఎనిమిది రోజులు కావాలి. అన్న తెచ్చిన కాగితం చదివేదేముందని సంతకాలు పెట్టేశాను. నెల తిరక్కుండా నా బల్ల వీధిలో ఉంది, దాని చోట అద్దాల గోడ లేచింది.

ఏంటన్నా ఇది అని అడిగితే, "కొత్త ఫ్రిజ్ కొందామని వచ్చినవాడికి గుమ్మంలోనే పొట్ట చీల్చిన పాత ఫ్రిజ్ కనిపిస్తే కొంటాడట్రా?" అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి వింటాం కానీ, తెప్పను ఎవరూ అడగరు ఎలా కాలావని.

ఆ రోజు నుంచి మాటల్లేవు. నేను వెనక సందులో రేకుల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకున్నాను. దాని పక్కనే ఒంటి గది, అదే నా ఇల్లు. నాకు పెళ్ళయింది, ఆవిడ రెండేళ్ళకు పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అందులో తప్పు నాదే, కాబట్టి ఆ సంగతి ఇక్కడ రాయను.

పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో, షెడ్డులో నేలమీద కూర్చుని కంప్రెసర్ విప్పుతుంటే వెలుగుకు ఎవరో అడ్డం వచ్చారు. తలెత్తితే వదిన. షెడ్డులో ఉన్న ఒక్క స్టూలు మీదా గ్యాస్ సిలిండర్ ఉంది. ఆవిడ నిలబడే మాట్లాడింది.

"మీ అన్నకి ఒంట్లో బాగాలేదు."

"షోరూంలో ఏసీ ఎక్కువైందేమో, తగ్గించుకోమను."

"వెటకారాలు తర్వాత ఆడుదువుగాని. రక్తంలో జబ్బు. మందులతో ఒకసారి తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. ఇంక మందులు చాలవంట. ఎవరిదైనా కలిసే మజ్జ ఎక్కించాలంట."

"ఎవరిదైనా అంటే?"

మా అన్నకు పిల్లల్లేరు. తోడబుట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. స్పానర్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నాను.

"అన్న అడగమన్నాడా, నువ్వే వచ్చావా?"

"నేనే వచ్చాను. ఆయన అడగనంటున్నాడు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడులే."

ఆ ఒక్క మాటకి నేను మెత్తబడ్డాను. ఆ సంగతి వదినకు తెలిసే అన్నదో, తెలియక అన్నదో.

రక్తం ఇచ్చి వచ్చాను. తోబుట్టువుల్లో కూడా నలుగురికి ఒకరు మాత్రమే పూర్తిగా కలుస్తారట. పదికి పది కలిశాయని డాక్టరమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఆవిడ గొంతులో ఎంత సంతోషమో. ఆస్తిలో సగం రాలేదు గానీ రక్తం మొత్తం వచ్చింది నాకు.

ఆసుపత్రి ఊరికి ఆ చివర ఉంది, రెండు బస్సులు మారితే గంటన్నర. డాక్టరమ్మ చిన్నదే, నలభై కూడా ఉండవు, కానీ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. చదువుకోనివాణ్ణని మాటలు మింగలేదు.

"తెల్ల రక్తకణాలు ఎముకల లోపలి మజ్జలో పుడతాయి. ఎన్ని పుట్టాలో మజ్జకి తనంతట తనకి తెలియదు. ఒంట్లో ఎక్కడైనా క్రిములు దూరాయనుకోండి, అక్కడి కణాలు ఒక ప్రోటీన్ తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. అది ఒక కబురు లాంటిది. రక్తంలో కొట్టుకుంటూ మజ్జ దాకా వెళ్తుంది. అక్కడ లేత కణాల ఒంటిమీద దాన్ని అందుకోవడానికి ఒక కొక్కెం ఉంటుంది. కబురు కొక్కేనికి తగులుకుంటే కణం రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముదిరి, రక్తంలోకి దిగి, క్రిముల మీదకి పోతాయి."

"సరే తల్లీ, మరి చాలు ఆగమని ఎవరు చెప్తారు?"

ఆవిడ నన్ను ఒకసారి తేరిపార చూసింది. "మంచి ప్రశ్న. పెరిగిన కణాలే ఆ ప్రోటీన్‌ని పట్టి మింగేస్తాయి. కణాలు ఎక్కువైన కొద్దీ కబురు తగ్గిపోతుంది. కబురు తగ్గితే పుట్టేవీ తగ్గుతాయి. కణాలు చచ్చి పలచబడితే మింగేవాళ్ళు ఉండరు కాబట్టి కబురు మళ్ళీ పెరుగుతుంది."

"థర్మోస్టాట్" అన్నాను.

"ఏంటి?"

"ఫ్రిజ్‌లో ఉంటుంది. చల్లబడగానే ఆ చల్లదనమే స్విచ్ ఆపేస్తుంది. వేడెక్కితే మళ్ళీ వేస్తుంది. ఎవడూ కూర్చుని చూడక్కర్లేదు."

డాక్టరమ్మ నవ్వింది. "దీని మీద పరీక్షలో నేను నాలుగు పేజీలు రాశాను. మీరు ఒక్క మాటలో తేల్చేశారు."

చాలా ఏళ్ళ తర్వాత ఒకరు నన్ను మెచ్చుకున్నారు. అందుకే కాస్త ఎక్కువ మాట్లాడానేమో. మా అన్నకి వచ్చిన జబ్బేమిటని అడిగాను. అతని కణాలు కబురు వచ్చినా రాకపోయినా పెరుగుతూనే ఉన్నాయని, ఆగమంటే వినవని చెప్పింది. మా పనిలో దాన్ని డైరెక్ట్ అంటాం. థర్మోస్టాట్ పాడైతే దాన్ని తప్పించి తీగలు రెండూ కలిపేస్తాం, ఇంక మిషన్ ఆగదు. ఎవరినీ అడక్కుండా పెరుగుతూ పోవడం మా అన్నకు కొత్తేమీ కాదని నోటిదాకా వచ్చింది. మింగేశాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది.

నేను చేయాల్సింది ఇది. ఆ కబురు ప్రోటీన్‌నే ఇంజెక్షన్‌గా రోజుకు రెండు చొప్పున ఐదు రోజులు వేసుకోవాలి. ఒంటికి అవసరమైనదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ దెబ్బకు మజ్జలో తెల్లకణాలు పుట్టుకొస్తాయి, వాటితోపాటు వాటన్నిటికీ తల్లులైన మూలకణాలు కూడా గూడు వదిలి రక్తంలోకి వచ్చేస్తాయి. అప్పుడు నా చేతి రక్తాన్ని మిషన్ గుండా తిప్పి ఆ మూలకణాలను ఏరుకుంటారు.

"మీకు ఇంజెక్షన్లు మొదలైన రోజే లోపల ఆయన మజ్జని మందుతో చంపడం మొదలుపెడతాం" అంది డాక్టరమ్మ. "ఒకసారి మొదలుపెట్టాక వెనక్కి తిరగడం ఉండదు. మీ కణాలు వెళ్ళకపోతే ఆయన బతకడు. అర్థమైందా?"

"అయింది."

"ఇంజెక్షన్లకి రోజూ ఇక్కడికి వస్తారా? ఇంటి దగ్గర నర్సు ఎవరైనా ఉంటే డబ్బా ఇచ్చి పంపిస్తాం. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టకూడదు."

"అమ్మా, నాకా ఫ్రిజ్ గురించి చెప్తున్నారు? ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని."

వెళ్ళేముందు అన్నను చూడమన్నారు. అద్దం వెనక గదిలో ఉన్నాడు, మధ్యలో ఫోన్. మళ్ళీ అద్దాల గోడే. గుండు, బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి రిసీవర్ తీశాడు.

"నీ బల్ల ఇంకా ఉందా?" పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట అది.

"ఉంది. కాళ్ళు మార్చాను."

"నాన్న చేయించింది, గట్టిది." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "షాపు సంగతి... బయటికొచ్చాక మాట్లాడుకుందాంరా."

సరేనన్నాను. బస్సులో గంటన్నరసేపు ఆ మాటనే అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాను.

ఇప్పుడు నా ఫ్రిజ్ గురించి చెప్పాలి. ఎవరో పారేస్తే తెచ్చుకున్నది. దాని థర్మోస్టాట్ ఎప్పుడో పోయింది. ఊరందరి ఫ్రిజ్‌లకు కొత్తవి వేస్తాను గానీ నా దానికి వేసుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. డైరెక్ట్ ఇచ్చేశాను. చాలు అని చెప్పే పని నేనే చూసుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికి రాగానే స్విచ్ వేస్తాను, పొద్దున షెడ్డుకు వెళ్ళేటప్పుడు ఆపేస్తాను. ఆరేళ్ళుగా అదే పద్ధతి. ఒక్కసారి పాలు విరగలేదు, ఒక్కసారి సీసాలో నీళ్ళు గడ్డకట్టలేదు. ఏ మీటరూ అక్కర్లేదని, చెయ్యి పెడితే నాకు డిగ్రీ తెలుస్తుందని అందరితో అనేవాణ్ణి.

మందు వచ్చిన రోజు ఫ్రిజ్ అంతా ఖాళీ చేశాను. పాలు, నీళ్ళ సీసాలు నాలుగు, నిన్నటి అన్నం అన్నీ తీసేసి లోపల తడిగుడ్డతో తుడిచాను. నడిమి అరలో మందు డబ్బా ఒక్కటే పెట్టాను. ఊరికే తలుపు తెరవకుండా పిడికి ఒక గుడ్డ కట్టాను. ఆ ఐదు రోజులూ కుండలో నీళ్ళు తాగాను, పాలు లేని టీ తాగాను. మా అన్న ప్రాణం నా ఇంట్లో ఉంది కదా అని ఇంటి తాళం కూడా రెండుసార్లు లాగి చూసుకునేవాణ్ణి.

పక్క సందులో నర్సమ్మ ఉంది. ఆసుపత్రి నుంచి రిటైరై ఇంటి అరుగు మీదే సూదులు వేస్తుంది. సాయంత్రం పని ముగించుకుని వచ్చి, రెండు సిరంజీలు జేబు రుమాల్లో చుట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళేవాణ్ణి, వచ్చి స్విచ్ వేసేవాణ్ణి.

"చొక్కా ఎత్తు. పొట్ట లాగకు. ఉన్నదే ఇంత, అదీ లోపలికి లాగితే ఎక్కడ పొడవను?"

"నెమ్మదిగా, నర్సమ్మా."

"ఎముకలు లాగుతున్నాయా?"

"లేదు."

"నడుం? తుంటి?"

"ఏమీ లేదు."

మూడో రోజు ఆవిడ దూది పారేసి నా మొహంలోకి చూసింది. "ఈ మందుకి మజ్జ ఉబ్బుతుందయ్యా. ఏనుగులాంటి మనుషులు మూలగడం చూశాను నేను. నీకేంటి, ఎముకలున్నాయా లేవా?"

"బరువులెత్తిన ఒళ్ళు. పెద్ద ఫ్రిజ్‌ని ఒక్కణ్ణే వీపు మీద వేసుకుని మూడంతస్తులు ఎక్కించాను తెలుసా?"

"ఎందుకు తెలీదు. ఎత్తింది నువ్వు, అమ్ముకుంది మీ అన్న."

ఇద్దరం నవ్వుకున్నాం. ఐదో రోజు ఆవిడ నవ్వలేదు. "డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, నొప్పి రాలేదని చెప్పు" అంది. రేపు పొద్దున్నే వెళ్తున్నాగా అన్నాను. నొప్పి లేకపోవడం కూడా ఒక రోగమా అని నాలో నేను మురిసిపోయాను. అన్న ఒళ్ళు మందులకే వాడిపోయింది, నా ఒళ్ళు ఇనుము అనుకున్నాను. ఎవరికీ చెప్పుకోకపోయినా మనిషి లోపల ఇలాంటి లెక్కలే వేసుకుంటాడు.

ఆరో రోజు పొద్దున్నే రక్తం తీసి పరీక్షకు పంపారు. పక్క గదిలో మిషన్ సిద్ధంగా ఉంది, గొట్టాలు తగిలించి ఉన్నాయి. వదిన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. నడకలోనే తెలిసింది నాకు.

"తెల్లకణాలు తొమ్మిది వేల రెండు వందలు. ఈపాటికి నలభై వేలు ఉండాలి. మూలకణాలు దాదాపు లేవు. అన్ని ఇంజెక్షన్లూ వేసుకున్నారా?"

"పదికి పది. నర్సమ్మని అడగండి."

"ఎక్కడ ఉంచారు?"

అంతా చెప్పాను. డైరెక్ట్ సంగతి, స్విచ్ సంగతి, సామాన్లు తీసేయడం, గుడ్డ కట్టడం, ఏదీ దాచలేదు. చెబుతూ చెబుతూ ఉండగానే నా నోటి మాట నాకే వినపడింది.

ఇంట్లో మనుషులుంటే ఫ్రిజ్ తలుపు రోజుకు నలభైసార్లు తెరుచుకుంటుంది. ఒకరు నీళ్ళకి, ఒకరు పెరుక్కి, ఊరికే తెరిచి చూసి మూసేవాళ్ళు ఇంకొకరు. తెరిచినప్పుడల్లా వేడిగాలి లోపలికి పోతుంది. నాలాంటి ఒంటరివాడి ఇంట్లో కూడా సాయంత్రం నుంచి పొద్దుటి దాకా ఓ పదిసార్లు తెరుస్తాను, పైగా నాలుగు సీసాల నీళ్ళు ఆ చలిని పంచుకుంటాయి. ఆ ఐదు రోజులూ మందు తీసేటప్పుడు తప్ప తలుపు తెరిచినవాడు లేడు. లోపల చలిని పంచుకోవడానికి రెండు వేళ్ళంత మందు తప్ప ఏమీ లేదు. చాలని చెప్పే థర్మోస్టాటూ లేదు. మందు రోజూ రాళ్ళలా గడ్డకట్టింది, పగలు స్విచ్ ఆపాక కరిగింది. సాయంత్రం నేను తీసి చూసేసరికి నీళ్ళలా తేటగా ఉండేది.

"ఒక్కసారైతే తట్టుకునేదేమో" అంది డాక్టరమ్మ. "ఇన్నిసార్లు గడ్డకట్టి కరిగితే ప్రోటీన్ మడతలు చెదిరిపోతాయి. కొక్కేనికి తగులుకోదు. ఉత్తరం చేరింది కానీ అక్షరాలు చెరిగిపోయాయి."

వదిన కుర్చీలోంచి లేచింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది.

"కావాలనే చేశాడు డాక్టర్‌గారూ. ఫ్రిజ్‌లు బాగుచేసేవాడికి ఫ్రిజ్ సంగతి తెలీదంటే ఎవరు నమ్ముతారు? పదకొండేళ్ళ కసి ఇది."

"వదినా, నేను..."

"నువ్వు మాట్లాడకు. ఆయన మజ్జ మొత్తం చంపేశారు లోపల. తెలిసే చేశావు."

నేనేమనను? ఆవిడ చోట నేనున్నా అదే అనేవాణ్ణి. తెలియక చేశానంటే పని రానివాణ్ణి, తెలిసి చేశానంటే హంతకుణ్ణి. పని రానివాణ్ణని ఒప్పుకోవడం నా జీవితంలో మొదటిసారి. ఒప్పుకున్నాను, అదీ ఎవరూ నమ్మలేదు.

డాక్టరమ్మ వదినను కూర్చోమని నా వైపు తిరిగింది. "మళ్ళీ ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి ఆగే టైం ఆయనకి లేదు. ఇంకో దారి ఉంది. మీకు మత్తిచ్చి, తుంటి ఎముకల్లోంచి నేరుగా మజ్జ తీయడం. సూదితో చాలాచోట్ల గుచ్చాలి. కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది. రేపు పొద్దున్నే చేయాలి. మీ ఇష్టం, బలవంతం లేదు."

"తీసుకోండి."

"ఆలోచించుకుని..."

"ఎంత కావాలంటే అంత తీసుకోండి తల్లీ."

మర్నాడు పొద్దున ఒక గుమాస్తా కాగితాలు తెచ్చాడు, ఆరు పేజీలు. నా తరఫువాళ్ళు ఎవరో ఒకరు కూడా సంతకం పెట్టాలన్నాడు. వెంట ఎవరొచ్చారు అని అడిగాడు. ఎవరూ రాలేదన్నాను. భార్య? లేదు. పిల్లలు? లేరు. అన్నదమ్ములు? ఉన్నాడు, లోపల పడుకున్నాడు, అతనికే ఇది. గుమాస్తా కలంతో కాగితం అంచున గీతలు గీస్తూ నిలబడ్డాడు. వరండా చివర వదిన ఉంది. ఆవిణ్ణి పిలవడానికి నాకు నోరు రాలేదు. నర్సమ్మకి ఫోన్ చేశాను. రెండు బస్సులు మారి వచ్చింది, ఆయాసపడుతూ.

"ప్రతి ముక్కా చదువు" అన్నాను.

"ఆరు పేజీలుందయ్యా."

"ఉండనీ. ఇంతకుముందోసారి చదివించుకోలేదు."

నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ మొదటి మాట నుంచి చదివింది. నాకు అర్థంకాని చోట ఆగి విడమరిచి చెప్పింది. గుమాస్తా విసుక్కుని వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఆఖరి పేజీలో ఆవిడ సంతకం పక్కన 'సంబంధం' అని ఒక గడి ఉంది.

"ఇక్కడేం రాయను?"

ఇద్దరం కాసేపు ఆలోచించాం. చివరికి 'తెలిసినావిడ' అని రాసింది.

మత్తు దిగేసరికి బోర్లా ఉన్నాను. నడుం కింద ఎవరో సుత్తితో కొట్టి వదిలేసినట్టు ఉంది. ఐదు రోజుల కిందట రావలసిన నొప్పి అప్పుడు వచ్చింది. నర్సమ్మ పక్కన కూర్చుని, "ఇప్పుడు నమ్ముతాను నీకు ఎముకలున్నాయని" అంది. మజ్జ సంచి ఎక్కడని అడిగాను. ఎప్పుడో తీసుకెళ్ళారట, మామూలు రక్తంలాగే ఉందట, కాస్త చిక్కగా. అన్న చేతిలోకి ఎక్కించడం కూడా అయిపోయిందట.

ఆ తర్వాత మిగిలింది ఎదురుచూడటమే. కొత్త చోట నా కణాలు నిలదొక్కుకుని తెల్లకణాలు పుట్టించాలి. అందుకు అన్నకి కూడా రోజూ అదే కబురు ఇంజెక్షన్ ఇస్తున్నారు. రక్తంలో పడ్డ మూలకణాలు ఎముకల లోపలికి దారి వాటంతట అవే వెతుక్కుంటాయని డాక్టరమ్మ చెప్పింది. వెతుక్కుంటాయి సరే, వాళ్ళింట్లో వాటికి చోటిస్తారా అనుకున్నాను.

నన్ను రమ్మన్నవాళ్ళు లేరు, రావద్దన్నవాళ్ళూ లేరు. రోజు విడిచి రోజు తుంటి పట్టుకుని కుంటుకుంటూ రెండు బస్సులెక్కి వెళ్ళేవాణ్ణి. వార్డు బయట బల్ల దగ్గర ఒక నర్సు ఉండేది, మాటకారి.

"ఈ రోజు తెల్లకణాలెన్ని?"

"సున్నా."

"మందు ఏ ఫ్రిజ్‌లో పెట్టారు?"

"మీరా అడిగేది?" అని నవ్వేది గానీ, తలుపు తోసి చూపించేది. ఫ్రిజ్ మీద చిన్న అద్దంలో అంకె కనిపించేది. నాలుగు. నేను చూసిన ప్రతిసారీ నాలుగే. ఎంత బాగా చేశారో ఆ మిషన్‌ని.

తొమ్మిదో రోజు అన్నకు జ్వరం వచ్చింది. పద్నాలుగో రోజు సున్నా. పదహారో రోజు సున్నా. వదిన నన్ను చూస్తే మొహం గోడ వైపు తిప్పుకునేది. నిండా మునిగినవాడికి చలేమిటని నేనూ వెళ్ళి అదే బెంచీ ఆ చివర కూర్చునేవాణ్ణి. ఇద్దరి మధ్య ముగ్గురు కూర్చునే చోటు ఖాళీగా ఉండేది. ఎవరైనా వచ్చి మధ్యలో కూర్చుంటే నాకు తేలిగ్గా ఉండేది.

పద్దెనిమిదో రోజు నర్సు నన్ను చూడగానే వేళ్ళు చూపించింది, రెండు. "రెండు వందలు." ఇరవయ్యో రోజు మళ్ళీ రెండు వందలే. ఆ సాయంత్రం నేను ఇంటికెళ్ళి అన్నం వండుకోలేదు. ఇరవై రెండో రోజు తొమ్మిది వందలు.

బెంచీ దగ్గరికి వెళ్ళాను. "తొమ్మిది వందలు వదినా" అన్నాను.

"చెప్పారు" అంది. పక్కనున్న సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. కూర్చోమనే అనుకుంటాను. కూర్చున్నాను.

అద్దం దగ్గరికి వెళ్తే అన్న నిద్రపోతున్నాడు. అతని ఒంట్లో ఇప్పుడు నా కణాలు రెండు, నాలుగు, ఎనిమిది అవుతున్నాయి. కబురు విని లేస్తున్నాయి, ఎక్కువైతే వాటంతట అవే ఆగుతాయి. రిసీవర్ తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు కాబట్టి మళ్ళీ పెట్టేశాను.

రెండున్నర నెలలకు అన్నను ఇంటికి పంపారు. నాకు కబురు రాలేదు. ఆ సంగతి నర్సమ్మ చెప్పింది, ఆవిడకి ఇంకెవరో చెప్పారు. బయటికొచ్చాక మాట్లాడుకుందాం అన్నాడు కదా, జబ్బు మనిషి, నెమ్మదిగా పిలుస్తాడులే అనుకున్నాను. షెడ్డులో బల్ల తుడిచి, పనిముట్లు వరసగా పెట్టుకున్నాను. మూడు వారాలు పోయాయి.

ఒక మధ్యాహ్నం సందులోకి షోరూం వ్యాను వచ్చింది. సామాన్లు దించే మీసాలాయన నాకు తెలుసు, నాన్న కాలం నుంచి ఉన్నాడు. ఇంకొకడితో కలిసి పెద్ద అట్టపెట్టె దించి నా గది గుమ్మంలో పెట్టాడు. కొత్త ఫ్రిజ్.

"ఎవరికిది?"

"నీకే. షోరూం పంపించాడు. ఒక మాట కూడా చెప్పమన్నాడు."

"ఏమన్నాడు?"

"'దీనికి థర్మోస్టాట్ ఉందని చెప్పు' అన్నాడు."

"అంతేనా?"

"అంతే."

"నవ్వుతూ అన్నాడా?"

మీసాలాయన తల గోక్కున్నాడు. "మూతికి గుడ్డ కట్టుకుని ఉంటున్నాడు కదయ్యా ఇప్పుడు. ఎలా తెలుస్తుంది?"

"కళ్ళు చూడలేదా?"

"నేను పెట్టె చూసుకుంటున్నాను, గీత పడితే నన్ను తిడతాడు."

"ముందు గది గురించి ఏమైనా అన్నాడా?"

"ముందు గదా? దాంట్లో వాషింగ్ మిషన్లు పెట్టాం. బాగా పోతున్నాయి."

వాళ్ళు వెళ్ళిపోయాక పెట్టె ముందు చాలాసేపు కూర్చున్నాను. అది తమ్ముణ్ణి ఆటపట్టించిన అన్న మాటో, నన్ను చంపబోయావని గుర్తుచేసిన మాటో నాకు ఈ రోజుకీ తెలియదు. వెళ్ళి అడగొచ్చు. అడిగితే చెప్తాడు కూడా. అందుకే వెళ్ళలేదు. పెట్టె విప్పలేదు. బజారుకెళ్ళి ఒక థర్మోస్టాట్ కొనుక్కొచ్చి నా పాత ఫ్రిజ్‌కి వేశాను, పావుగంట పని. ఇప్పుడది చల్లబడగానే టక్కుమని ఆగుతుంది. గదిలో అంతకన్నా పెద్ద చప్పుడు లేదు.

మొన్న నన్ను పరీక్షకు పిలిచి డాక్టరమ్మ కాగితం చూపించింది. మీ అన్నయ్య రక్తంలో ఇప్పుడు అన్నీ మీ కణాలే, జబ్బు జాడ లేదు అని చెప్పింది. మీకూ అంతా మామూలుగా ఉంది అంది. ఆ రోజు నా తుంటి ఎముకల్లోంచి తీసింది పదకొండు వందల నలభై మిల్లీలీటర్లు. ఆరు వారాల్లో తిరిగి పుడుతుందని అప్పుడే చెప్పారు, పుట్టింది. పుట్టనిది ముందు గది ఒక్కటే. వీధి వైపు తొమ్మిది అడుగులు, లోపలికి పద్నాలుగు. మొత్తం నూట ఇరవై ఆరు చదరపు అడుగులు.